స్వభావము నెరుగని నాయకత్వము

పదిమందిచేత పని చేయించు బాధ్యత మీద పడినవానికి తొలినాడే ఒక ప్రశ్న ఎదురగును. పనిని తెలిసికొనిన చాలునా, పని చేయువారిని కూడ తెలిసికొనవలెనా? కార్యాలయమున పర్యవేక్షకుడు, పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, నేతపనివారల సంఘమునకు అధ్యక్షుడు, మఠమున విద్యార్థుల వసతిగృహమును చూచు స్వామి, ఇద్దరు కొడుకులను వెంట నుంచుకొని కొట్టు నడుపు తండ్రి, వీరందరును ఈ ప్రశ్నకు తమ నడవడిచేత ఏదో యొక సమాధానము చెప్పుచునే యున్నారు.

పెక్కుమంది చెప్పు సమాధాన మిది: "నియమము అందరకు ఒక్కటే. వేళకు రావలెను, చెప్పిన పని చేయవలెను, వేళకు పోవలెను. ఎవని స్వభావ మెట్టిదో విచారించుట నా పని కాదు. విచారించితినా, పక్షపాతము చేసితినను నింద వచ్చును." ఈ మాటలో కొంత న్యాయమున్నది. జీతము, సెలవు, శిక్ష అను వానియందు మనిషిని బట్టి నియమము మారినచో అది అన్యాయమే. కాని పక్షపాతమునకు వెరచి మనుష్యులను చూచుటయే మానినవాడు న్యాయవంతుడు కాజాలడు. సమత్వము వేరు, ఏకరూపత వేరు. ఈ భేదమును శరణులు బాగుగ నెరుగుదురు.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణములో నెలకొల్పిన శరణ సమాజము సమత్వమునకు పేరుపొందినది. ఇష్టలింగమును ధరించిన పిమ్మట హెచ్చుతగ్గులు లేవని ఆ సమాజము చాటినది. ఆ సమాజమున మడివాళ మాచయ్య బట్టలుతికెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. బసవేశ్వరుడు కలచురి బిజ్జలుని కొలువున భండారి పదవిలో నుండెను. వీరందరును అనుభవ మంటపమున ఒకే సభలో కూర్చుండిరి. అయినను వీరు ఒకే అచ్చున పోసిన మనుష్యులు కారు. చౌడయ్య మాట కటువు. మాచయ్య నిష్ఠ కఠోరము. బసవేశ్వరుని వచనములలో తన దోషమును తానే యెత్తి చూపుకొను వినయము తఱచుగ కనబడును. సమత్వము వీరి గుణభేదములను చెరిపివేయలేదు. వానికి సభలో చోటిచ్చినది.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు ప్రతిదినముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, మనకు కావలసినదానికి మించిన ఈ ఆశ ఎక్కడిదని మందలించి, మిక్కిలినది తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. దీనిని మనము అపరిగ్రహమునకు ఉదాహరణముగ చెప్పుకొందుము. నాయకత్వమును గూర్చిన పాఠము కూడ ఇందులో నున్నది. దాత చేయి ఎంత పెద్దదైనను, తీసికొనువాని స్వభావమును బట్టియే దానము దానమగును. ఒకనికి నాలుగు గింజలు ఎక్కువ పెట్టుట దయ. తన చెమటకు తగినంతయే తినదలచినవానికి అదే అవమానము. పనివానిని మెచ్చి పదిమందిలో శాలువ కప్పినచో ఒకడు పొంగిపోవును. మరియొకడు సిగ్గుతో కుంగి, ఆ దినమంతయు పని చేయలేకపోవును. మెప్పు ఒక్కటియే, మనుష్యులు ఇద్దరు.

అల్లమప్రభువు నడవడిని చూచినచో ఈ విషయము మరింత తేటపడును. 15వ శతాబ్దమున సంకలనము చేయబడిన శూన్యసంపాదనె యందు అతడు పలువురు శరణులను కలిసికొను ఘట్టము లున్నవి. ప్రతి ఘట్టమునను అతని రీతి వేరు. సొన్నలిగెలో సిద్ధరాముడు పెక్కుమంది పనివారిని కూర్చి చెఱువు త్రవ్వించుచుండెను. అల్లముడు అచ్చటికి వచ్చి, అతనిని రాళ్ళుకొట్టు ఒడ్డెవానిగ పేర్కొని వెదకెను. పనివారు కోపించి రాళ్ళు రువ్విరి. సిద్ధరాముడును మండిపడెను. అతని లోపల దాగియున్న కర్తృత్వపు గర్వమును వెలికి తెచ్చుటకు అల్లముడు కఠినమైన మాటను వాడెను. సోదరుడును గురువును అగు అజగణ్ణను కోల్పోయి శోకించుచున్న ముక్తాయక్కను చూచినపుడు అదే అల్లముడు కూర్చుండి, ఆమె ప్రశ్నలను తుదివరకు విని, ఆమె శోకమునుండియే జ్ఞానమునకు దారి చూపెను. అక్కమహాదేవిని మాత్రము నిండు సభలోనే తీక్ష్ణమైన ప్రశ్నలతో నిలిపెను. ఆమె ధైర్యము నెరిగియే అట్లు చేసెనని నా అభిప్రాయము. ఆ ప్రశ్నలు ఆమెను తగ్గింపలేదు, సభ కంటికి ఆమె ఔన్నత్యమును చూపినవి. ముక్తాయక్కయెడ సిద్ధరామునితో పలికిన మాట పలికియున్నచో అది క్రౌర్యమై యుండెడిది. ముగ్గురియెడను ఆదర మొక్కటియే. ఆదరము నోట వెలువడిన తీరు మూడు విధములు.

మన షట్స్థల సిద్ధాంతము కూడ ఈ ఎరుకనే శాస్త్రముగ చెప్పుచున్నది. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములని ఆరు. భక్తి యొక్కటియే యైనను శ్రద్ధ, నిష్ఠ, అవధానము, అనుభావము, ఆనందము, సమరసము అని ఆ యా స్థలమున దాని రూపము మారును. శ్రద్ధ యందున్నవానిని అవధానము లేదని నిందించు గురువు గురువు కాడు. వాడెచ్చట నిలిచియున్నాడో చూచి, అచ్చటనుండి ఒక్క అడుగు వేయించువాడే గురువు. స్థలమనగా శాశ్వతముగ వేసిన ముద్ర కాదనియు, దాటి పోదగిన మెట్టనియు ఇచ్చట జ్ఞాపక ముంచుకొనవలెను. దీని అవసరము ముందు కలుగును.

నేటి మనస్తత్వ శాస్త్రము ఈ ప్రశ్ననే వేరొక దారిని విచారించినది. స్విట్జర్లాండు దేశీయుడగు కార్ల్ యూంగ్ 1921లో మానవ ప్రకృతి భేదములను గూర్చి ఒక గ్రంథమును వెలువరించి, అంతర్ముఖులు, బహిర్ముఖులు అను విభాగమును ప్రచారములోనికి తెచ్చెను. అతని భావములను ఆధారము చేసికొని అమెరికాలో కాథరీన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ మనుష్యులను 16 తెగలుగ విభజించు ప్రశ్నావళిని రూపొందించిరి. పెద్ద సంస్థలలో నేటికిని దానిని వాడుచున్నారు. కాని అదే మనిషి కొన్ని వారముల తరువాత మరల సమాధానము లిచ్చినచో వేరొక తెగలో చేరుట తఱచుగ జరుగుచున్నది. అందుచేత పరిశోధకులలో పెక్కురు తెగలను విడిచి, అయిదు గుణములను కొలుచు పద్ధతిని ఆదరించుచున్నారు. కొత్తదనమునెడ ఆసక్తి, పనియందు జాగరూకత, నలుగురిలో కలియు ఉత్సాహము, ఇతరులయెడ సౌమనస్యము, మనసు త్వరగా కలతపడు లక్షణము అనునవి ఆ అయిదు. ఇవి గదులు కావు. ప్రతి మనిషియందును ప్రతి గుణమును ఎంతో కొంత ఉండును. ఎక్కువమంది నడుమ నుందురు. వయసుతోపాటు ఈ పాళ్ళు మెల్లమెల్లగ మారుటయు కలదు. మనిషి ముద్ర కాదు, మెట్లు ఎక్కువాడు అని షట్స్థలము చెప్పినదానికి ఇది దూరమైన మాట కాదు.

ఇదంతయు చదివి చెప్పుట సులభము. నేను దీనిని నేర్చుకొన్నది పుస్తకములనుండి కాదు, నేను చేసిన రెండు తప్పులనుండి. వానిని చెప్పక ఈ వ్యాసమును ముగించుట ధర్మము కాదు.

నేనొక కార్యాలయమున పెన్షను విభాగమునకు పర్యవేక్షకుడనుగ ఉంటిని. నా క్రింద ఆరుగురు గుమాస్తాలు. వారిలో ఒకడు మితభాషి. సమావేశములో నోరు విప్పడు. అడిగినచో తలవంచుకొని, కొంతసేపు ఆలోచించి, రెండు మాటలు చెప్పును. ఫైళ్ళలో లోపమేదైన కనబడినపుడు చిన్న చీటీపై వ్రాసి నా బల్లమీద ఉంచి పోవును. మరియొకడు చురుకైన మాటకారి. ఏది యడిగినను వెంటనే సమాధానము చెప్పెడివాడు. నాకు వానియందు గురి. ఒకనాడు ఏదో చికాకులో నుండి, బల్లమీది చీటీని చేతబట్టుకొని, అందరియెదుట ఆ మితభాషిని గద్దించితిని. "నీకు నోరు లేదా? మనిషివలె వచ్చి చెప్పలేవా? ఇకమీద ఈ చీటీలు నా బల్లమీద కనబడరాదు" అంటిని. తక్కినవారు నవ్విరి. ఆనాటితో చీటీలు ఆగిపోయెను. క్రమశిక్షణ నేర్పితినని నేను తృప్తిపడితిని.

కొన్ని నెలలకు ఒక ఫ్యామిలీ పెన్షను ప్రతిపాదన పై కార్యాలయమునుండి తిరిగి వచ్చినది. చనిపోయిన ఉద్యోగి భార్య పేరు సర్వీసు రిజిస్టరులో ఒక విధముగను, ప్రతిపాదనలో మరియొక విధముగను ఉన్నది. దానిని తయారుచేసినవాడు మాటకారి. సంతకము చేసినవాడను నేను. తప్పు దిద్ది, కావలసిన ధ్రువపత్రములు చేర్చి, మరల పంపి మంజూరు పొందుటకు ఏడు నెలలు పట్టినది. ఆ ఏడు నెలలును ఆ తల్లి వారమున కొకసారి వచ్చి వరండాలో బల్లపై కూర్చుండెడిది. పిల్లవాని చదువుకొరకు చెవికమ్మలు తాకట్టు పెట్టినదని తరువాత తెలిసినది.

ఫైలు తిరిగి వచ్చిన నాడు నేను మితభాషిని పిలిచి అడిగితిని.

"ఈ ఫైలు పంపకముందు నీవు చూశావా?"

"చూశానండీ."

"పేరులో తేడా కనబడలేదా?"

"కనబడిందండీ."

"మరి చెప్పలేదేం?"

అతడు కొంతసేపు ఊరకుండి, "చీటీలు వ్రాయవద్దన్నారు కదండీ" అనెను.

ఆ మాటలో కోపము లేదు. ఎత్తిపొడుపును లేదు. అందుచేతనే అది నాకు ఇప్పటికిని గుచ్చుకొనుచున్నది. ముఖాముఖిగ చెప్పవలెనను నా నియమము పైకి అందరకు సమానమే. మాటకారికి అది నియమమే కాదు, వాని సహజ స్వభావము. మితభాషికి అది తలుపు మూసిన గోడ. ఆ గోడ కట్టినందుకు మూల్యము చెల్లించినది నేనును కాదు, అతడును కాదు. మా ఇద్దరి ముఖములు కూడ సరిగ నెరుగని ఒక వితంతువు చెల్లించినది. మనిషి స్వభావము నెరుగని నాయకుని తప్పు ఎప్పుడును ఇట్లే మూడవవాని ఇంటికి పోయి చేరును. కాయకఫలము సమాజమునకు చేరవలెను, అదియే దాసోహము. కాయకము చేయువాని నోరు నొక్కినవాడు ఆ దాసోహమును నడుమ దారిలో నాపినవాడగును.

ఇది మొదటి తప్పు. రెండవది దీనిని దిద్దుకొనబోయి చేసితిని. అతని స్వభావము నాకు తెలిసిపోయినదనుకొని, జనముతో పని లేని చోట ఉంచుట దయయని తలచి, రికార్డు గదిలో వేసితిని. "పాపము, అతడు నలుగురిలో మాట్లాడలేడు" అని అందరికిని చెప్పితిని. రెండేండ్లు గడిచెను. ఒకసారి నేను సెలవులో నుండగా మనుష్యులు చాలక అతనిని పెన్షనుదారులు వచ్చు కౌంటరువద్ద కూర్చుండబెట్టిరి. నేను తిరిగి వచ్చి చూచునప్పటికి వృద్ధులు తక్కిన కౌంటరులు విడిచి అతని యెదుట వరుసగ నిలిచి యుండిరి. వారు చెప్పినదంతయు అతడు అడ్డురాక వినుచున్నాడు. ఒక్కొక్కరికి రెండు మాటలు చెప్పుచున్నాడు. ఆ రెండును సరియైనవి. సమావేశములో నోరు విప్పనివాడు జనముతో పనికిరాడని నేను నిశ్చయించితిని. వినగలిగినవానికే జనముతో పని యని నాకు తట్టలేదు.

మొదట నేను మనిషిని చూడలేదు. తరువాత ఒకసారి చూచి, ఇక చూడనక్కరలేదనుకొంటిని. రెండవది మొదటిదానికన్న తక్కువ దోషము కాదు. పుట్టుకను బట్టి మనిషికి స్థానము నిర్ణయించుటను శరణులు త్రోసిపుచ్చిరి. చర్మకారుడగు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినపుడు, ముద్రలనే తప్ప మనుష్యులను చూడనేరని లోకము ఆ తండ్రులిద్దరి ప్రాణములు తీసినది. అట్టి త్యాగమునకు వారసులమైన మనము స్వభావము పేరిట క్రొత్త కులములను కల్పింపవచ్చునా? "వాడు సోమరి, వీడు పిరికి, ఆమె ముంగోపి, ఈతడు మాటలాడలేనివాడు" అని ఒకసారి వ్రాసి పెట్టుకొన్న జాబితా ప్రశ్నావళినుండి వచ్చినను, పెద్దల అనుభవమునుండి వచ్చినను, మనిషిని బంధించునదే. ఇంటిలో కూడ ఇంతియే. "పెద్దవాడు తెలివిగలవాడు, చిన్నవాడు మొద్దు" అని తల్లిదండ్రులు పలుమారు పలికిన మాట చిన్నవానికి సంకెల యగును.

మరియొక అపాయము కలదు. స్వభావ మెరుగుట సేవకు పనికివచ్చినట్లే వశపరచుకొనుటకును పనికివచ్చును. పొగడ్తకు లొంగువానిని పొగడి, భయస్థుని బెదరించి, మొగమాటము గలవానిచేత రాత్రి వేళ వరకు పని చేయించుకొను నేర్పరులు లేకపోలేదు. వారును మనుష్యులను చదివినవారే. ఈ రెంటికి భేదమును కనుగొనుటకు నేనొక పరీక్ష పెట్టుకొంటిని. ఒక మనిషిని గూర్చి నేనెరిగినదానిని, దానిచేత నేను చేయుచున్నదానిని, అతని యెదుటనే అతనికి చెప్పగలనా? "నీవు వ్రాసి చెప్పుటకు ఇష్టపడుదువు, కనుక నీకు వ్రాయుటకు వీలు కల్పించితిని" అని చెప్పవచ్చును. "నీవు కాదనలేవు, కనుక పనియంతయు నీ నెత్తిన వేసితిని" అని చెప్పలేము. చెప్పలేని ఎరుక దొంగసొత్తు వంటిది.

ఇతరులను ఎరుగుటకు ముందు తన్ను తా నెరుగవలెను. కిన్నరి బొమ్మయ్య కథ దీనికి మంచి సాక్ష్యము. బసవేశ్వరునికి ఉల్లి యన్న రోత. తనకు ప్రియమైనదానిని ఆయన ఈసడించెనని బొమ్మయ్య మనసు నొచ్చి వెడలిపోయెను. బసవేశ్వరుడు తన రుచిని ధర్మమని సమర్థించుకొనలేదు. తన అయిష్టము ఒక శరణుని అవమానించినదని గ్రహించి, ఉల్లినే ఉత్సవముగ జరిపి, బొమ్మయ్యను గౌరవముతో తిరిగి తోడితెచ్చెనని శరణ కథలు చెప్పుచున్నవి. మనమును తఱచుగ మన రుచినే నియమమని భ్రమపడుదుము. వేగముగ మాట్లాడువాడు వేగమే తెలివి యనుకొనును. నిదానస్థుడు నిదానమే బాధ్యత యనుకొనును. నేను మాటకారిని మెచ్చుటకు కారణము వాని పని కాదు, నేనును వానివలె మాటకారినగుటయే. ఇది తెలియుటకు నాకు ఒక కుటుంబము కష్టము కావలసి వచ్చినది.

మరి నాయకుడు ఆచరింపవలసిన దేమి? నియమమును ఒక్కటిగ నుంచి, నియమమును చేరుటకు దారులను అనేకముగ నుంచవలెను. లోపమును తెలుపుటకు నోటిమాట, చీటీ, ఏకాంతము, సభ అన్నిటికిని ద్వారము తెరచియుంచవలెను. మందలింపు ఏకాంతమున జరుగవలెను. మెప్పు ఎవరికి ఎట్లు ఇష్టమో వారినే అడిగి తెలిసికొనవలెను. మాట్లాడనివానిని సమావేశమునకు ముందే విషయము తెలిపి ఆలోచించుకొననీయవలెను. మాటకారిచేత వ్రాతపని మరల ఒకసారి సరిచూపింపవలెను. ఏడాది కొకసారియైనను ప్రతివానికి అలవాటు లేని పనిని కొంతకాలము ఇచ్చి, మన అంచనాను మనమే పరీక్షించుకొనవలెను. వినువారిని బట్టి మాటను ఎన్నుకొనుట తెలుగు వీరశైవులకు క్రొత్త కాదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జాను తెనుగున, ద్విపదలో వ్రాసినది సామాన్యుల చెవిని ఎరిగియే గదా!

కాయకము చేయువానిలో శివుని చూడుమని మన పెద్దలు చెప్పిరి. శివుని చూచుట గొప్పమాట. ముందు ఎదుటనున్న మనిషిని చూచుట నేర్చుకొందము. నేడు చూచినవానిని రేపు మరల చూతము. ఆ మితభాషి ఉద్యోగమునుండి విరమించిన నాటి సభలో మాట్లాడుమని నేనతనిని బలవంతపెట్టలేదు. సభ ముగిసిన తరువాత నా బల్లమీద ఒక చీటీ యుండెను. దానిలో రెండే మాటలున్నవి. ఇన్నేండ్లకు ఆ చీటీ మరల నా బల్లమీదికి వచ్చినదే చాలునని, దానిని నేటికిని దాచుకొంటిని.